టైరు పెద్దదైతే సరిపోతుందా?

"వదినా, నువ్వు 'ఊ' అంటే చాలు. అన్నయ్య ఒప్పుకున్నట్టే!"

అన్నం వడ్డిస్తున్న నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా మరిది ఇంతగా బతిమాలుతున్నది పెళ్లి సంబంధం గురించి కాదు, ఇంటి స్థలం గురించీ కాదు. జీపుకి పెద్ద టైర్లు వేయించడం గురించి. ఇంటర్ చదివే మా అబ్బాయి అన్నం తినడం మానేసి ఫోనులో బొమ్మలు చూపిస్తున్నాడు. "చూడమ్మా, ఇది మామూలు జీపు. ఇది పెద్ద టైర్లేసిన జీపు. ఎట్టుందో చూడు, సింహం మాదిరి!" మావారు మాత్రం తలెత్తకుండా పప్పు కలుపుకుంటున్నారు. ఆయన మాట్లాడకుండా పప్పు కలుపుతున్నారంటే నిర్ణయం అయిపోయిందన్నమాటే.

"ఎంతవుద్ది?" అన్నాను.

"ఐదు టైర్లు, ఐదు అల్లాయ్ డిస్కులు, బిగింపుతో కలిపి లక్షా పది వేలు."

నాకు గొంతు పట్టేసినట్టయింది. ఇంట్లో సరిగ్గా అంత డబ్బే ఉంది. అది బ్యాంకులో కుదువపెట్టిన నా గాజులు విడిపించడానికి పక్కన పెట్టిన డబ్బు.

ఆ రాత్రి జరిగింది

మాది చిల్లకూరు. గూడూరు పక్కనే, జాతీయ రహదారి మీదే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా మాటా, మా పులుసూ ఎప్పుడూ నెల్లూరువే. రహదారి మీద పోయేవాళ్లకు మా ఊరు తారురోడ్డుగానే కనిపిస్తుంది. సముద్రం వైపు తిరిగితే గానీ అసలు సంగతి తెలియదు. గాజు తయారీకి లారీల్లో తోలుకుపోయే సిలికా ఇసుక మా మండలంలోనూ, పక్కనున్న కోట మండలంలోనూ దొరుకుతుంది. పంచదారలా తెల్లగా, పొడిపొడిగా ఉంటుంది. నడిస్తే పాదం జారుతుంది. బండి అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఆ ఇసుక దారి చివర మాకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. టైగర్ రొయ్య రోజుల్లో మా మామయ్య తవ్వించారు. 2009 తర్వాత దేశంలోకి వనామీ రొయ్య వచ్చింది, మేమూ దానికి మారాం. ఆ గుంటల కోసమే 2014లో తయారైన థార్ జీపు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాం. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. మేత బస్తాలు, డీజిలు డబ్బాలు, అప్పుడప్పుడూ మా అత్తయ్య, అన్నిటికీ అదే.

నిరుడు ఏప్రిల్లో ఓ రాత్రి ఒంటిగంటకు గుంటల దగ్గరి కాపలా అతను ఫోను చేశాడు. కరెంటు పోయింది, జనరేటర్లో డీజిలు అయిపోవస్తోంది. రొయ్యల పెంపకం తెలిసినవాళ్లకు ఆ మాట చాలు. రాత్రిపూట గుంటలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఏరేటర్లు తిరగకపోతే రొయ్యలు ఊపిరాడక పోతాయి. మావారు, మరిది డబ్బాలు వేసుకుని బయల్దేరారు. ఒక్కదాన్నే ఇంట్లో ఉండలేక నేనూ ఎక్కాను.

సరుగుడు తోపు దాటాక ఇసుక లారీలు కలియదున్నిన చోట జీపు ఆగింది. మావారు నాలుగు చక్రాల గేరు వేసి గట్టిగా తొక్కారు. చక్రాలు గిర్రున తిరిగి, ఇసుక చిమ్మి, బండి కడుపు దాకా దిగబడింది. దిగి తోశాం. తాటి మట్టలు తెచ్చి చక్రాల కింద వేశాం. చివరికి పక్క గుంటల వాళ్ల ట్రాక్టరు వచ్చి లాగేసరికి గంటన్నర గడిచింది. మేం పోయేసరికి రెండు గుంటల్లో రొయ్యలు పైకి తేలిపోయాయి. అరవై రోజుల పంట అది. దానికి మేత కొన్నది నా గాజుల మీద తెచ్చిన అప్పుతోనే.

అందుకే టైర్ల మాట వచ్చినప్పుడు ఇదంతా మగవాళ్ల షోకు అని కొట్టిపారేయలేకపోయాను. ఆ రాత్రి పెద్ద టైర్లుంటే పంట దక్కేదేమో అన్న బాధ మావారిని తినేస్తోంది. అది నిజమైతే గాజులు పోయినా పర్వాలేదు. కానీ నిజమా, కాదా? అది తెలుసుకునే దాకా 'ఊ' అననని చెప్పాను.

టైరు మీద రాసుంటుంది

నేను డిగ్రీలో చదివింది తెలుగు సాహిత్యం. కథలు రాసుకునేదాన్ని. నాకు టైర్లతో ఏం పని అనుకున్నాను ఇన్నాళ్లూ. కానీ చదవడం వచ్చినవాళ్లకు టైరు కూడా పుస్తకమే. ఓ మధ్యాహ్నం జీపు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. అక్షరాలు నేను చదివాను, లెక్కలు మా అబ్బాయి చేశాడు.

మా టైరు మీద 235/70 ఆర్ 16 అని ఉంది. 235 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం అని. ఆర్ అంటే రేడియల్ టైరు. 16 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. అన్నీ లెక్కేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు వచ్చింది.

మా మరిది వేయించాలన్నది 245/75 ఆర్ 16. దాని ఎత్తు 774. "2020లో వచ్చిన కొత్త థార్‌లో ఒక రకానికి కంపెనీవాళ్లే ఈ సైజు ఇచ్చారు వదినా" అన్నాడు. నిజమే. కానీ అది వేరే బండి. దాని బ్రేకులు, గేర్లు, చక్రం పైన వదిలిన ఖాళీ అన్నీ ఆ సైజుకు తగ్గట్టు చేసినవి.

టైరు 39 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగితే బండి ఎంత లేస్తుంది? నేను 39 అనుకున్నాను. అబ్బాయి నవ్వాడు. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి సగమే లేస్తుందట. అంటే రెండు సెంటీమీటర్లు కూడా కాదు, నా బొటనవేలి వెడల్పంత. లక్షా పది వేలకు బొటనవేలంత ఎత్తు!

పెద్దవైతే వచ్చే తిప్పలు

పెద్ద టైర్లు ఉత్త షోకు అని నేననను. రాళ్లూ గుట్టలూ ఉన్నచోట, లోతుగా లారీ జాడలు పడ్డ దారుల్లో ఇరుసు నేలకు తగలకుండా ఎత్తాలంటే టైరు పెంచడమే దారి. స్ప్రింగులు ఎత్తు చేస్తే బండి ఒళ్లు లేస్తుంది గానీ ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. కానీ ఆ మేలుతో పాటు వచ్చేవి షాపులో ఎవరూ చెప్పరు.

టైరు 5 శాతం పెద్దదైతే ఒక్కో చుట్టుకూ బండి 5 శాతం ఎక్కువ దూరం పోతుంది. స్పీడు చూపే ముల్లుకు ఆ సంగతి తెలియదు. అది 80 చూపిస్తుంటే నిజానికి మనం 84లో పోతుంటాం. ఇంజను మీద బరువు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. బ్రేకు వేస్తే ఆపాల్సిన చక్రం పెద్దది, బరువైనది కాబట్టి బండి ఆగడానికి ఇంకాస్త దూరం కావాలి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో, గుంతలో పడ్డప్పుడో టైరు లోపల ఎక్కడో రాసుకోవచ్చు. స్టెప్నీ కూడా అదే సైజుది కొనాలి. నాలుగు చక్రాల గేరు వాడే బండికి ఒక్క చక్రం వేరే సైజుదైతే లోపలి పళ్లచక్రాలకు చేటు. అందుకే షాపువాళ్లు నాలుగు కాకుండా ఐదు లెక్కేస్తారు.

ఇంకో సంగతి. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. ఇప్పటికే మెట్టు మీద కాలు పెట్టాలంటే ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఇదివిన్న ఆవిడ "నన్ను క్రేనుతో ఎత్తండిరా" అంది. అందరం నవ్వాం గానీ, బండి ఎత్తు గురించి ఇంట్లో ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ అడగాలని ఎవరికీ తోచలేదు చూశారా?

డిస్కు సంగతి

గూడూరులో టైర్ల షాపుకి నేనూ వెళ్లాను. నాకు కుర్చీ వేసి, కూల్‌డ్రింకు ఇచ్చి, మాటలన్నీ మావారితోనే మాట్లాడారు. అల్లాయ్ డిస్కులు చూపిస్తున్నప్పుడు "వీటి ఆఫ్‌సెట్ ఎంతండీ?" అని అడిగాను. షాపాయన అప్పుడు గానీ నావైపు తిరగలేదు.

ఆఫ్‌సెట్ అంటే పెద్ద విద్యేం కాదు. డిస్కును బండికి బిగించే చోటు డిస్కు నట్టనడుమ నుంచి ఎంత లోపలికి, ఎంత బయటికి ఉందన్న లెక్క. అది మారితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గానీ బేరింగుల మీద భారం పెరుగుతుంది, బురదంతా తలుపుల మీదికి చిమ్ముతుంది. బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం, నడిమి రంధ్రం కూడా అచ్చంగా సరిపోవాలి.

రిమ్ము 16 నుంచి 18కి పెంచితే ఇంకా అందం అన్నారు. బయటి ఎత్తు పెరగకుండా రిమ్ము పెరిగిందంటే రబ్బరు పక్కగోడ తగ్గినట్టే. ఇసుకలో మనకు కావలసింది ఆ పక్కగోడే. గాలి తగ్గించినప్పుడు వంగి, నేల మీద పరుచుకునేది అదే. పైగా ఇనుప డిస్కు వంగితే కొట్టి సరిచేస్తారు, అల్లాయ్ అయితే దెబ్బకు పగలొచ్చు. గుంటల దారిలో వెళ్లే బండికి ఏది మేలో మీరే చెప్పండి.

కోడి కాలు, బాతు కాలు

ఇక అసలు ప్రశ్న. ఇసుకలో బండి ఎందుకు దిగబడింది? దీనికి జవాబు షాపులో దొరకలేదు. ఆ రాత్రి మమ్మల్ని లాగిన ట్రాక్టరు పెద్దాయన చెప్పాడు.

"అమ్మా, బురదలో కోడి దిగబడతాది, బాతు దిగబడదు. ఎందుకో తెల్సా? బాతు కాలు పరుచుకోని ఉంటది. మీ టైరు కోడి కాలు మాదిరి బిగుసుకోని ఉంది. గాలి తీయాల. అంతే."

ఇంటికొచ్చి అబ్బాయితో లెక్క వేయించాను. సరుకుతో మా జీపు 1,800 కిలోలనుకుంటే ఒక్కో టైరు మీద 450 కిలోలు. టైరులో గాలి 32 పాయింట్లుంటే నేలకు ఆనేది సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒకటిన్నర పోస్టుకార్డు. గాలి సగానికి, 16కి తగ్గిస్తే అదే టైరు మూడు పోస్టుకార్డుల మేర ఆనుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. కానీ రూపాయి ఖర్చు లేకుండా అడుగు రెట్టింపయింది. మరిది చెప్పిన టైరు వెడల్పు పెరిగేది 10 మిల్లీమీటర్లు!

ఇది మా పెద్దాయన ఒక్కడికే తెలిసిన రహస్యం కాదు. 1930 ప్రాంతాల్లో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి మామూలు ఫోర్డు కార్లతో లిబియా ఎడారిలో తిరిగాడు. ఆయన చేసింది రెండే. టైర్లలో గాలి తగ్గించడం, దిగబడితే చక్రాల కింద ఇనుప రేకులు పరచడం. మనవాళ్లు తాటి మట్టలు వేసినట్టే. తర్వాత ఆయన ఇసుక కదలిక మీద 1941లో శాస్త్ర గ్రంథమే రాశాడు.

బురదకు తీరు వేరు. పైన మెత్తగా, అడుగున గట్టిగా ఉండే బురదలో సన్నటి టైరు కోసుకుంటూ పోయి గట్టి నేలను పట్టుకుంటుంది. పాతకాలం విల్లీస్ జీపుల టైర్లు సన్నగా ఉండడంలో ఆ సుఖం ఉంది. లోతైన గాళ్లుండే బురద టైర్లు ఆ బురదలో బాగా పట్టుతాయి. అవే పొడి ఇసుకలో గునపాల్లా తవ్వుకుంటూ పోతాయి. తడి తారురోడ్డు మీద వాటి పట్టు తక్కువ, రొద ఎక్కువ. మా జీపు వారంలో సగం గూడూరు, నెల్లూరు రహదారి మీదే తిరుగుతుంది. అలాంటి బండికి రోడ్డుకూ మట్టికీ మధ్యరకంగా ఉండే ఆల్ టెరైన్ టైర్లే నయం.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో, ఇలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు పేచీ రావచ్చు. మీ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న సైజులేవో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. వాటిలోనే ఉండడం క్షేమం. అనుమానముంటే రవాణా శాఖ ఆఫీసులో అడగండి.

గాలి తీసి చూశాం

"మాటలెందుకు, చూద్దాం పదండి" అన్నాను. ఓ ఆదివారం మధ్యాహ్నం, ఇసుక బాగా ఎండి ఉన్న వేళ, అందరం అదే చోటికి పోయాం. ట్రాక్టరు పెద్దాయనను కూడా రమ్మన్నాం, దిగబడితే దిక్కెవరు మరి!

ముందు 32 పాయింట్ల గాలితో పోనిచ్చారు మావారు. పది బారలు పోకముందే బండి ఆగింది. ఈసారి తొక్కలేదు, మెల్లగా వెనక్కి తీశారు. నాలుగు టైర్లలోనూ 18 వచ్చేదాకా గాలి తీశాం. అబ్బాయి గేజి పెట్టి చూస్తుంటే నేను లెక్క చెప్పాను. టైర్లు అడుగున కాస్త పొంగినట్టయ్యాయి. రెండో గేరులో, తొందర లేకుండా, అవే పాత టైర్లతో జీపు ఆ ఇసుక దాటి గుంట గట్టు దాకా పోయింది.

మరిది ఈల వేశాడు. మావారు మాత్రం దిగి, గట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"ఐదు నిమిషాల పని" అన్నారు చివరికి. "ఆ రాత్రి ఐదు నిమిషాల పని."

ఏమని ఓదార్చను? తెలియకపోవడం తప్పు కాదు అన్నాను. తెలిశాక కూడా డబ్బు తగలేసుకుంటే అది తప్పు.

మీరూ కొనబోతుంటే...

* బండి ఎక్కువగా తిరిగేది ఎక్కడ? తారురోడ్డా, ఇసుకా, బురదా, రాళ్లా? టైరు రకం దాన్నిబట్టే ఎంచుకోండి.

* పాత టైరు సైజుతో పాటు దాని మీదున్న బరువు సంఖ్య కూడా రాసుకెళ్లండి. ఉదాహరణకు 105 అని ఉంటే ఆ టైరు 925 కిలోలు మోస్తుందని అర్థం. కొత్తది అంతకు తగ్గకూడదు.

* తయారీ తేదీ చూడండి. నాలుగంకెలుంటాయి. 3823 అంటే 2023లో 38వ వారం. కొత్త టైరని పాత సరుకు అంటగడితే అక్కడే తెలిసిపోతుంది.

* గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కార్లు, జీపులకు ఆ టైరు చట్టప్రకారం పనికిరాదు. వానాకాలం ముందే మార్చుకోండి.

* ఇసుకలో గాలి తగ్గిస్తే 15 నుంచి 20 పాయింట్ల మధ్య చాలు. మెల్లగా పోనివ్వాలి, స్టీరింగు ఒక్కసారిగా కోసి తిప్పకూడదు. లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడి రావచ్చు.

* తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి పట్టించడం మాత్రం మరిచిపోవద్దు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరి కాగితం మీద రాసి ఉంటుంది.

* చక్రం ఉత్తినే తిరుగుతుంటే తొక్కకండి. దిగి, ఇసుక తీసి, గాలి తగ్గించి వెనక్కి రండి. జాకీ పెట్టాల్సి వస్తే కింద చెక్కపలక వేయండి, లేకపోతే జాకీయే దిగబడుతుంది.

మా పాత టైర్లు అరిగిపోయిన మాట నిజమే. అందుకని కంపెనీ ఇచ్చిన సైజులోనే ఐదు ఆల్ టెరైన్ టైర్లు కొన్నాం. ఇనుప డిస్కులు అవే ఉంచాం. జీపు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి, గాలి చూసే గేజి ఒకటి తీసుకున్నాం. మిగిలిన డబ్బు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే నాలుగు గాజుల్లో రెండు చేతికొచ్చాయి. మిగతా రెండూ ఈ పంట మీద.

మా మరిదికి సింహంలాంటి జీపు రాలేదని కొంచెం అలకే. అత్తయ్యకు మాత్రం ఎక్కే మెట్టు పెరగలేదని సంతోషం. మొన్న రాత్రి పదకొండింటికి మళ్లీ కరెంటు పోయిందని ఫోను వచ్చింది. మావారు తాళాలు తీసుకుంటూ గుమ్మంలో ఆగి, "గేజి యాడుంది?" అని నన్నే అడిగారు.

గాజులు సర్దుకుంటూ లేచాను. "జీపులోనే ఉంది. పదండి, నేనూ వస్తున్నా" అన్నాను.